మాస్టారి పెట్టె, నా పెట్టె

1986 నవంబరులో నన్ను డెప్యుటేషన్ మీద నరసరావుపేట ఫీల్డ్ యూనిట్‌కి పంపారు. అప్పటికి ఉద్యోగంలో చేరి మూడో ఏడు. హోదా జూనియర్ సైంటిఫిక్ అసిస్టెంట్. అంటే పరికరాలు మోయడంలో మొదటి మనిషి, వాటి గురించి మాట్లాడడంలో ఆఖరి మనిషి. మాది మాచర్ల. మా నాన్న బస్టాండు వెనక లారీలు బాగుచేసేవాడు. కూతురు పల్నాడులోనే పనిచేయబోతోందని ఆయన సంతోషించాడు గానీ, చేసే పనేమిటో నేను చెప్పాక కాసేపు నా మొహం వంకే చూశాడు. "గాలిని తూస్తారా? తూచి ఎవరికమ్ముతారు?" అన్నాడు.

ఆయన ఒక్కడే కాదు, ఆ రోజుల్లో విన్నవాళ్ళందరిదీ అదే చూపు. ఇంట్లో ఒకరు చుట్ట కాలిస్తే, కాల్చనివాళ్ళు పీల్చే గాలి ఎంత పాడవుతోందో కొలవడం మా ప్రాజెక్టు. కాల్చేవాడి ఊపిరితిత్తుల గురించి అప్పటికే చాలామంది చెప్పారు. పక్కన కూర్చున్నవాళ్ళ సంగతి మా దగ్గర ఎవరూ పట్టించుకోలేదు.

పని పద్ధతి ఇది. చెక్కపెట్టెలో ఒక చిన్న పంపు, దానికి స్కూటరు బ్యాటరీ లాంటి బ్యాటరీ. పెట్టె ముందు గుండ్రటి మూతలో తెల్లటి ఫిల్టర్ కాగితం. పంపు గదిలో గాలిని ఆ కాగితం గుండా లాగుతుంది, గాలిలో ఉన్న మసి కాగితానికి అంటుకుంటుంది. వాడకముందు, వాడిన తర్వాత ఆ కాగితాన్ని తేమ లేకుండా ఆరబెట్టి, ఊపిరి తగిలినా ముల్లు కదిలే త్రాసు మీద తూస్తాం. రెండు బరువుల తేడాయే ఆ ఇంటి గాలి బండారం. పంపు నిమిషానికి ఎంత గాలి లాగుతోందో చూడడానికి రోటామీటరని ఒక గాజు గొట్టం ఉంటుంది. దానిలో చిన్న గోళీ తేలుతూ లెక్క చెబుతుంది. పొద్దున కొత్త కాగితం పెట్టి పంపు తిప్పి, మరునాడు పొద్దున కాగితం తీస్తాం; ఊళ్ళో పని ముగిసేదాకా పెట్టె గోడకే ఉంటుంది. మధ్యలో ఆ ఛాయలకు వెళ్ళకూడదు. మనం అక్కడుంటే జనం మామూలుగా ఉండరని నియమం.

ఇళ్ళను జంటలుగా ఎంచుకోవాలి. ఒకటి చుట్ట కాల్చే ఇల్లు, రెండోది దానికి దగ్గర్లోనే ఉండి ఎవరూ కాల్చని ఇల్లు. రెంటికీ పొయ్యి, కప్పు, గది కొలత ఒకేలా ఉండాలి. రెండో దాన్ని మా భాషలో కంట్రోల్ ఇల్లంటాం. పక్కన పెట్టి పోల్చుకోవడానికి శుభ్రంగా ఉన్నదన్నమాట.

నా వంతుకు నూజెండ్ల వైపు ఒక పల్లె పడింది. అన్నీ నాపరాళ్ళ గోడల ఇళ్ళు, కిటికీ అంటే తల పట్టనంత కన్నం. ఊళ్ళో నాటు పొగాకు పండేది, మగవాళ్ళు ఎవరి చుట్ట వాళ్ళే చుట్టుకునేవాళ్ళు. కొలతలకు ఇంతకంటే మంచి ఊరు దొరకదని మా ప్రాజెక్టు ఆఫీసర్ రంగారావు గారు చేతులు రుద్దుకున్నారు.

పరాయి ఊళ్ళో ఇళ్ళల్లోకి వెళ్ళాలంటే ఊరి పెద్ద ఒకరు పూచీ ఉండాలి. ఆ పల్లెలో దేవసహాయం మాస్టారని రిటైరైన టీచరు గారు ఉండేవారు. చర్చి సంఘపెద్ద కూడా ఆయనే. ఊళ్ళో యాభై ఏళ్ళ లోపు మగాళ్ళంతా ఆయన బెత్తం తిన్నవాళ్ళే. ఆయన చుట్ట ముట్టరు, నశ్యం మాత్రం పీలుస్తారు. మా ఫారంలో నశ్యానికి గడి లేదు కాబట్టి ఆయన ఏ లెక్కలోకీ రాలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ముందు అందర్నీ కూర్చోబెట్టి, నా చేత నాలుగు మాటలు చెప్పించారు. నేను ఎప్పుడూ చెప్పే మాటే చెప్పాను: పెట్టె ఉందనే సంగతే మర్చిపోండి, రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండండి.

తర్వాత మాస్టారు లేచారు. "ఒరేయ్, అమ్మాయి చెప్పింది విన్నారుగా. అది గవర్నమెంటు పెట్టె. పిల్లల్ని దాని మీద పడనివ్వబాకండి. నేనే మీ ఇంటికొచ్చి కూర్చున్నాననుకుని మర్యాదగా చూసుకోండి" అన్నారు.

జనం తలలూపారు. ఆయన నాకు మేలు చేశారనుకుని నేనూ తలూపాను.

జంటల్లో మొదటిది ఏసోబు ఇల్లు, మరియమ్మ ఇల్లు. ఏసోబుకి యాభైకి దగ్గర. పొద్దున నోట్లో పెట్టిన చుట్ట అన్నాలప్పుడు తీసేవాడు. మరియమ్మ మామగారికి అతను అన్న వరస, అందుకని ఆమె పెదమామా అని పిలిచేది. రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ. మరియమ్మ భర్త ప్రకాశం దాచేపల్లి వైపు సున్నపురాయి క్వారీలో పనిచేస్తూ వారానికోసారి వచ్చేవాడు. అతనికి ఏ అలవాటూ లేదు. ఇంట్లో మరియమ్మ, మూడేళ్ళ కూతురు రూతు, అంతే.

రూతుకి ఆయాసం. చలికాలం వస్తే గుండెల్లో పిల్లికూతలు. గదిలో అడుగుపెట్టగానే, పంపు తిప్పకముందే, నాకు వినిపించిన చప్పుడు అదే. వినుకొండ డాక్టరు ఇంట్లో పొగ ఉందా అని అడిగాడట. పొయ్యి పొగ తప్ప ఏమీ లేదంటే, మాత్రలు రాసిచ్చి చలిలో తిప్పొద్దన్నాడట. మరియమ్మ మా పెట్టెకు వెంటనే ఒప్పుకోవడానికి కారణం అదే. "గాలిలో ఏముందో చెబుతదంటగా. చెప్పినాక నాక్కూడా చెబుతారా మేడమ్?" అని అడిగింది. రిపోర్టు పైకి వెళ్ళకముందు ఫలితాలు ఎవరికీ చెప్పకూడదు. ఆ సంగతి చెప్పి, వెళ్ళాక తప్పకుండా చెబుతానన్నాను.

పెట్టెలు తగిలించడంలో ఒక చిక్కు వచ్చింది. ఆ పల్లెలో మగవాళ్ళు ఉన్న ఇల్లంటే చుట్ట ఉన్న ఇల్లే. చుట్ట లేని ఇళ్ళన్నీ ప్రకాశం లాగా మగవాడు పనికి దూరం వెళ్ళినవో, భర్త పోయిన ఆడవాళ్ళవో. మగదిక్కు లేనప్పుడు ఆ ఇళ్ళల్లోకి తాను వెళ్ళడం పద్ధతి కాదన్నారు మాస్టారు. అందువల్ల చుట్ట ఇళ్ళల్లో ఆయనే స్వయంగా మేకు కొట్టి పెట్టె తగిలించేవారు, నేను వెనక నిలబడి మీట నొక్కేదాన్ని. కంట్రోల్ ఇళ్ళల్లో నేనొక్కదాన్నే వెళ్ళి, స్టూలు ఎక్కి, మేకు కొట్టి, రెండుసార్లు వేలు చితక్కొట్టుకుని తగిలించాను. పని పంచుకున్నాం, త్వరగా అయిపోయిందని సంతోషించాను కూడా.

మొదటి విడత కాగితాలు తూచిన రోజు నాకు గుర్తుంది. ఏసోబు ఇంటి కాగితం కాస్త మాసిందంతే. మరియమ్మ ఇంటి కాగితం బరువెక్కి కూర్చుంది. మిగతా జంటలదీ అదే వరస. చుట్ట ఇళ్ళన్నీ శుభ్రం, చుట్టలేని ఇళ్ళన్నీ పొగ.

బండి ఆగితే ముందు నువ్వు బిగించిన నట్టును అనుమానించు, ఆ తర్వాత బండిని తిట్టు అనేవాడు నాన్న. ముందు నన్ను నేనే అనుమానించుకున్నాను. కవర్ల మీద నంబర్లు తారుమారు చేశానేమోనని మళ్ళీ మొదటి నుంచీ సరిచూశాను. తారుమారు కాలేదు. రెండో విడతకు పంపులు మార్చాను. ఏసోబు ఇంట్లో తిరిగిన పంపును మరియమ్మ ఇంటికి, ఆమెదాన్ని అతని ఇంటికి. గోళీ రెండిట్లోనూ సరిగ్గానే తేలింది. కాగితాలు మాత్రం మొదటిసారి లాగే వచ్చాయి. ఇక అనుమానించడానికి నట్టూ మిగల్లేదు, బండీ మిగల్లేదు.

పొయ్యి పొగ అయ్యుంటుందని కాసేపు ధైర్యం తెచ్చుకున్నాను. అదీ నిలవలేదు. పత్తికట్టె, కంపపుల్లల పొగ కాగితాన్ని నల్లగా చేస్తుంది. మరియమ్మ ఇంటి కాగితం తేనెరంగులో ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆరిపోయిన చుట్ట వాసన. సైన్సులో వాసన లెక్కలోకి రాదు గానీ, ముక్కున్న ఎవరికైనా అది తెలిసిపోతుంది. చుట్ట లేని ఇంట్లో చుట్ట పొగ. చుట్ట ఉన్న ఇంట్లో అది లేదు. నాకు పిచ్చెక్కినట్టే ఉంది. తిండి తింటున్నా అదే ఆలోచన.

అప్పుడు చేయకూడని ఆలోచన ఒకటి చేశాను. ఈ మరియమ్మే చాటుగా కాలుస్తోందేమో అనుకున్నాను. పల్నాడులో ముసలమ్మలు చుట్ట తాగడం కొత్తేమీ కాదు. పడుచుపిల్లలు తాగితే చెప్పుకోరు. మూడో విడతకు వెళ్ళినప్పుడు, చుట్టూ తిప్పి చుట్టూ తిప్పి అడిగాను.

ఆమె చేటలో బియ్యం ఏరుతోంది. చేట కింద పెట్టింది. "ఏంది మేడమ్, నేను తాగుతానా? నా నోరు వాసన చూడండి కావాలంటే" అంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆమే మళ్ళీ అడిగింది. "అంటే మిషను చెప్పిందా? మా ఇంట్లో చుట్ట పొగ ఉందని?"

చెప్పకూడదు గానీ, ఆ అవమానం చేశాక చెప్పకుండా ఉండలేకపోయాను. ఉందనే చెబుతోంది, అది ఎలా వచ్చిందో తెలియడం లేదన్నాను. ఆమె గోడ వైపు చూసింది. గోడ అవతల ఏసోబు భార్య మిరపకాయలకు తొడిమలు తీస్తోంది, ఆ చప్పుడు మాకు వినబడుతోంది.

"ఎవరిదో అది చెప్పదా?" అంది మరియమ్మ గొంతు తగ్గించి.

"చెప్పదు. ఎంత ఉందో చెబుతుంది, అంతే."

"ఉందని రాసిస్తే చాలు మేడమ్. చానా మేలు చేసినట్టు" అని చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. ఆమె చెప్పబోయి ఆగిన మాట ఏమిటో నాకు అర్థం కాలేదు. రూతు మూల నులకమంచం మీద కూర్చుని, భుజాలు ఎత్తి ఎత్తి ఊపిరి తీసుకుంటోంది. నేను మొదటిసారి వచ్చినప్పటికంటే పిల్లికూతలు పెరిగాయి.

ఏసోబుని కూడా అడిగాను. అతను ఏదీ దాచే మనిషి కాదు. రోజుకు ఎన్ని చుట్టలో వేళ్ళు మడిచి చెప్పాడు. ఇంట్లోనే కాలుస్తావా బాబాయ్ అంటే, "ఇంట్లో గాక యాడ కాలుస్తానమ్మా ఈ చలిలో" అన్నాడు. అంతా నిజమే చెబుతున్నాడని మొహంలో తెలుస్తోంది. అతని తల పైన మా పెట్టె మర్యాదగా గుయ్యిమంటోంది. అతని మాటకూ ఆ కాగితానికీ మధ్య ఏం జరుగుతోందో నాకు అంతుబట్టలేదు.

రంగారావు గారు కాగితాలు చూసి ఎక్కువసేపు ఆలోచించలేదు. ఆయన చెడ్డమనిషి కాదు, తొందరమనిషి. "షంషాద్ గారూ, ఇందులో అర్థం కానిదేముంది? లేబుళ్ళు తారుమారయ్యాయి. తిప్పి రాసెయ్యండి, అన్నీ చక్కగా సరిపోతాయి" అన్నారు. మూడు విడతల్లోనూ తారుమారవుతాయా సార్ అంటే, మొదట తప్పు వేసినవాళ్ళు మూడుసార్లూ అదే తప్పు వేస్తారన్నారు.

ఆయన మాటలో బలం ఉంది. తిప్పి రాస్తే ప్రపంచం అంతా నిలువుగా నిలబడుతుంది. ఏసోబు ఇంట్లో పొగ, మరియమ్మ ఇంట్లో శుభ్రమైన గాలి. ఎవరూ నన్ను ప్రశ్న అడగరు. కానీ అలా రాసిన కాగితం పట్టుకుని మరియమ్మ దగ్గరికి వెళ్తే నేను ఏం చెప్పాలి? మీ ఇంటి గాలి బాగుందమ్మా, పిల్ల జబ్బుకు ఇంకో కారణం వెతుక్కో అనాలి. ఆ మాట డాక్టరు దాకా వెళ్తుంది. పిల్ల మాత్రం ఆ గాలినే పీలుస్తూ ఉంటుంది. నా చేతి రాత మీద నాకు నమ్మకం ఉంది గానీ, ఎందుకు ఉందో చెప్పలేకపోతున్నాను. నాకు ఒక వారం గడువు కావాలన్నాను. ఆయన విసుక్కుని ఇచ్చారు.

మరుసటి విడత కాగితాలు పెట్టిన రోజున వినుకొండ బస్సు రాలేదు. రోడ్డు మీద చాలాసేపు నిలబడ్డాను. పొద్దు వాలింది, చలిగాలి మొదలైంది. ఇక రాదని తెలిశాక పల్లెలోకి తిరిగి నడిచాను. నియమం ప్రకారం వెళ్ళకూడదు. కానీ రోడ్డు మీద నిలబడాలనే నియమం కూడా లేదు. తెలిసిన ఇల్లని మరియమ్మ ఇంటికే వెళ్ళాను.

తలుపు దగ్గరే పొగ మొహానికి కొట్టింది. గదిలో ఏసోబు, అతనితోపాటు వీధిలో బంధువులు ఇంకో ముగ్గురు గోడకు ఆనుకుని కూర్చుని తీరిగ్గా చుట్టలు కాలుస్తున్నారు. వాళ్ళ నెత్తి మీద నా పెట్టె తిరుగుతోంది. మరియమ్మ పొయ్యి దగ్గర, రూతు ఆమె కొంగులో.

నన్ను చూసి ఎవరూ కంగారుపడలేదు. "రామ్మా, కూర్చో. బస్సు రాలా?" అన్నాడు ఏసోబు, చుట్ట తీయకుండానే.

ఇక్కడెందుకు కూర్చున్నారు బాబాయ్, మీ ఇంట్లో కూర్చోవచ్చుగా అన్నాను.

నేనేదో తెలివితక్కువ మాట అన్నట్టు చూశాడు. "మా ఇంట్లో మాస్టారి పెట్టె ఉందిగదమ్మా. దాని ముందు ఎట్టా కాలుస్తాం?"

"ఇక్కడా పెట్టె ఉందిగా."

అందరూ ఒకసారి తలెత్తి నా పెట్టెను చూశారు. "ఇది నువ్వు పెట్టిందేగా" అన్నాడు ఏసోబు.

అతను వెక్కిరించలేదు. ఉన్నమాటే చెప్పాడు. అయినా నాకు మొదట వచ్చింది ఉక్రోషం. బీఎస్సీ, ఎమ్మెస్సీ, స్టూలు ఎక్కి చితక్కొట్టుకున్న వేళ్ళు, అన్నీ ఒక్కసారి గుర్తుకొచ్చాయి. ఆ తర్వాత నవ్వొచ్చింది. రూతు దగ్గు విన్నాక ఆ రెండూ పోయాయి.

పల్నాడులో పెరిగినదాన్ని, నాకు తెలియని ఆచారం కాదు. మాచర్ల సందుల్లో పెద్దవాళ్ళు ఎదురైతే, గడ్డం నెరిసినవాడు కూడా బీడీ అరచేతిలో దాచి గోడవైపు తిరుగుతాడు. మా నాన్న కూడా మా తాత ముందు ఏనాడూ వెలిగించలేదు. చదువు చెప్పిన మాస్టారి ముందయితే ఇక చెప్పనక్కర్లేదు. నేనే వచ్చి కూర్చున్నాననుకోండి అని ఆయన అన్నారు, వాళ్ళు అలాగే అనుకున్నారు. పెట్టె ఉన్నంతసేపూ ఏసోబు ఇంట్లో మాస్టారు కూర్చునే ఉన్నారు. చలిలో బయట కూర్చోలేక, మాస్టారు లేని ఇల్లు వెతుక్కున్నారు. అది ప్రతిసారీ పక్కనే ఉన్న మా కంట్రోల్ ఇల్లే అయింది. ఇంట్లోనే కాలుస్తానన్న ఏసోబు అబద్ధం చెప్పలేదు, ఏ ఇంట్లోనో నేనే అడగలేదు. ఆ ఇళ్ళల్లో వద్దనే మగవాడూ లేడు.

మరియమ్మ నాతో ఆ మాట ఎందుకు చెప్పలేదో ఆ రాత్రి భోజనం పెడుతూ చెప్పింది. అప్పటికి వాళ్ళు లేచి వెళ్ళిపోయారు. "మీరు అడిగింది మా ఇంట్లో ఎవరన్నా తాగుతారా అని. మా ఇంట్లో ఎవరూ తాగరు" అంది ముందు. ఇంకో గరిటె వడ్డించి, "అంతకుముందు ఎప్పుడో ఒకసారి వచ్చి పోయేవాళ్ళు. మీ పెట్టెలు వచ్చినకాడ్నుంచి దినామూ ఇక్కడే. నేను వద్దంటే, మొగుడు ఊళ్ళో లేడని కోడలికి నోరు లేచిందంటారు. మిషను చెబితే మిషను మాట గదా అని కాచుకున్నా" అంది.

చుట్ట పొగ కొలవడానికి వచ్చి, ఆ పొగను తీసుకొచ్చి ఆ పిల్ల మంచం దగ్గర పోసింది మా పెట్టెలే.

తెల్లవారి మాస్టారికి చెప్పాను. ఆయన నశ్యం డబ్బీ మూత తెరిచి, పీల్చడం మర్చిపోయారు. సంతోషించాలో బాధపడాలో ఆయనకు తెలియలేదు. "మర్యాద అన్నాను గానీ, ఇదేందమ్మాయ్" అన్నారు. తర్వాత నేను వద్దంటున్నా వినకుండా నన్ను ఏసోబు ఇంటికి తీసుకెళ్ళి, "ఒరేయ్ ఏసోబూ, నా మాటేగా నీకు? నేను చెబుతున్నా. ఈ పెట్టె ముందు చుట్ట కాల్చు" అన్నారు.

ఏసోబు పాపం మాట కాదనలేదు. చుట్ట నోట్లో పెట్టుకున్నాడు. అగ్గిపుల్ల గీశాడు. పుల్ల వేళ్ళ దాకా కాలింది గానీ చుట్ట దాకా రాలేదు. రెండోది గీసి వెలిగించాడు, ఒక దమ్ము లాగాడు, వెంటనే చుట్టను వీపు వెనక్కి పెట్టేసుకున్నాడు. పొగ మింగినట్టున్నాడు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నావల్ల గాదు మాస్టారూ. కొట్టండి కావాలంటే" అన్నాడు.

రంగారావు గారికి అంతా రాసి పంపాను. ఆయన స్వయంగా వచ్చి, ఊరంతా తిరిగి, నాతోపాటు తిరుగు బస్సెక్కారు. కిటికీ లోంచి చూస్తూ, "తిప్పి రాసుంటే ఎంత చక్కగా సరిపోయేదో" అన్నారు. అది పశ్చాత్తాపమో బెంగో నాకు ఇప్పటికీ తెలియదు. చివరికి ఆ ఊరి కాగితాలన్నీ పక్కన పెట్టేశాం. అవి ఎవరి అలవాటునూ కొలవలేదు, మా రాకను కొలిచాయి. రిపోర్టులో ఆ పల్లె పేరు లేదు.

రిపోర్టులో లేదంటే మరియమ్మకు రాసివ్వడానికి నా దగ్గర ఏమీ లేదని అర్థం. పెట్టెలు దించుకోవడానికి వెళ్ళిన రోజున ఆ సంగతి ఆమెకు చెప్పడం నాకు కష్టమే అయింది. డాక్టరుకు చూపించమని నా చేత్తో ఒక చీటీ రాశాను, పొగాకు పొగ ఉన్న మాట వాస్తవం అని. దానికి ముద్ర లేదు. పెట్టెలు వెళ్ళిపోతున్నాయి కదా, ఇక ఎవరింట్లో వాళ్ళు కాల్చుకుంటారులే అన్నాను.

"అలవాటు పడ్డారు మేడమ్. నలుగురూ కూర్చునే చోటయింది ఇది. పెట్టెలు పోయినా వాళ్ళు పోరు" అంది. చీటీని మడిచి బైబిల్లో పెట్టింది. పెట్టి, "పెదమామ ఇంట్లో పెట్టె నాకిచ్చి పోండి" అంది.

నాకు అర్థం కాలేదు. అది ఆఫీసు సొత్తు, ఇవ్వకూడదన్నాను. పంపు చాలా ఖరీదన్నాను.

"పంపు తీసుకుపోండి. పంపు నాకెందుకు? పెట్టె చాలు. మాస్టారు వచ్చి పెట్టాల."

మా స్టోరులో మోటారు కాలిపోయి, పనికిరానివని తీసేసిన వస్తువుల్లో చేరిన పాత పెట్టె ఒకటి ఉండేది. వంటచెరుకు కింద వేలం వేసేవాళ్ళు దాన్ని. రంగారావు గారిని అడిగాను. ఎందుకని ఆయన అడగలేదు. ఒకసారి కిటికీ వైపు చూసి, సంతకం పెట్టారు.

ప్రకాశం సెలవుకు వచ్చిన రోజున, ఇంట్లో మగవాడున్నాడు కాబట్టి మాస్టారు ఆ గడప లోపల మొదటిసారి కాలు పెట్టారు. ఏసోబు, మిగతావాళ్ళు వాకిట్లో నిలబడ్డారు. ప్రకాశానికి ఇదంతా ఏమిటో సగమే తెలుసు, స్టూలు పట్టుకుని నిలబడ్డాడు. మాస్టారు మేకు కొట్టి, ఖాళీ పెట్టెను రూతు మంచానికి ఎదురుగా తగిలించారు. అందులో పంపు లేదని నేను ఆయనకు ముందే చెప్పాను. ఆయన వాకిట్లో వాళ్ళ వైపు తిరిగి, "మర్యాద" అన్నారు. వాళ్ళు తలలూపారు.

వేసవి మొదట్లో ఆ దారిన వెళ్తూ ఆగాను. పెట్టె అలాగే ఉంది. దాని నెత్తి మీద మరియమ్మ దువ్వెన, దారపు ఉండ పెట్టుకుంది. రూతు వాకిట్లో ఆడుతోంది. పిల్లికూతలు పూర్తిగా పోలేదు, పొయ్యి పొగ ఉండనే ఉంది. తగ్గాయని మరియమ్మ అంది, నా చెవికీ తగ్గినట్టే వినిపించాయి. కొలిచి చెప్పిన మాట కాదిది. ఆమె చేసిన పనికి నాకు చాలా సంతోషం కలిగింది. నా ఫిల్టర్ కాగితాల వల్ల కానిది ఖాళీ పెట్టె వల్ల అయిందని కొంచెం చిన్నతనంగానూ అనిపించింది.

ఏసోబు వాళ్ళు ఇప్పుడు ఎక్కడ కూర్చుంటున్నారని అడిగాను. ఎండాకాలం కదా, బయట అరుగు మీద అంది. మరి వానాకాలం వస్తే అన్నాను. ఆమె భుజాలెగరేసింది. ఏ ఇంట్లో మాస్టారు తగిలించిన పెట్టె లేదో, ఆ ఇంటికి వెళ్ళి ఉంటారు. ఆ ఇంట్లో ఎవరున్నారో నేను కనుక్కోలేదు.

ఆ తర్వాత నా సర్వీసంతా ఇళ్ళల్లో, గనుల్లో, ఫ్యాక్టరీల్లో గాలి కొలుస్తూనే గడిచింది. పంపులు మారాయి, త్రాసులు మారాయి. నమూనా ఫారాల్లో పంపు నంబరు, గాలి వేగం, గది కొలతలు ఎప్పుడూ ఉండేవి. నా చేతి కింద పనిచేసినవాళ్ళ చేత నేను అదనంగా ఒక గడి నింపించేదాన్ని: పరికరాన్ని తగిలించింది ఎవరు. ఇదెందుకు మేడమ్ అని ప్రతి కొత్త ఉద్యోగీ అడిగేవాడు. గాలి ఎవరి మాటా వినదు, దాన్ని పీల్చేవాళ్ళు వింటారు కాబట్టి అని చెప్పి, ముందు ఆ గడి నింపమనేదాన్ని.